సైకిల్ అమ్మే ముందు హబ్బు చదువుండ్రి



ఈసారి పత్తి గురించి కాదు, వరి నాటు గురించి కాదు. మన కొట్టాలల్ల, అటకల మీద, చింతచెట్టు కింద తుప్పు పట్టి పడి ఉన్న పాత సైకిళ్ల గురించి రాస్తున్న. నవ్వకుండ్రి. పొద్దుపోక రాస్తలేను. ఈ నాలుగైదు ఏండ్ల నుంచి గోదావరిఖని చుట్టుపక్కల ఊర్లల్ల ఒక బేరం నడుస్తున్నది, ఆ బేరంల మనోళ్లు రెండు తీర్ల మోసపోతున్నరు. అందుకే నాకు తెలిసిన కాడికి, సైకిల్ రిపేర్ చేసే పెద్దమనుషుల దగ్గర నేర్చుకున్న కాడికి, చదివిన కాడికి కలిపి పెడుతున్న. పొడుగు ఉంటది, ఓపికతోని చదువుండ్రి.

మొదటి తీరు మోసం మీకందరికీ ఎరికే. పాత ఇనుప సామాన్లు కొనేటోడు ఆటో ఏసుకొని వస్తడు. మూలకు ఉన్న సైకిల్ చూస్తడు. "ఇది ఇనుమే గదనే కాకా, కిలోల లెక్క పోతది" అంటడు. పాత మోటు సైకిల్ ఒకటి ఇరవై కిలోల దాకా తూగుతది. కిలో ముప్పై అనుకున్నా ఆరు వందలు. ఆ ఆరు వందలకు మన నాయిన ముప్పై ఏండ్లు తొక్కిన సైకిల్ ఆటో ఎక్కి పోతది.

రెండో తీరు దీనికి ఉల్టా. ఫోన్ల ఒక మెసేజ్ వస్తది, వంద ఏండ్ల బీఎస్ఏ సైకిల్ ఉంటే లక్షలు ఇస్తరని. ట్రాక్టర్ బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తమని వచ్చిన మెసేజులు యాదికున్నయా? ముందుగాల రిజిస్ట్రేషన్ ఫీజు కట్టు, తర్వాత ట్యాక్స్ కట్టు అని గుంజి గుంజి, ఆఖరికి ఫోన్ ఎత్తకుండ పోయేటోళ్లు. పాత సైకిల్ పేరు మీద వచ్చే మెసేజ్ కూడా అదే జాతిది. అమ్మేటోని దగ్గరికి కొనేటోడు వచ్చి పైసలు ఇయ్యాలె గని, అమ్మేటోడే ముందు పైసలు కట్టుడు ఏ అంగడిల ఉన్నది?

ఒకడు అది చెత్త అంటడు, ఇంకొకడు అది బంగారం అంటడు. ఇద్దరు చెప్పేది మనం ఎందుకు నమ్ముతున్నం? మన సైకిల్ ఏ కాలందో మనకు తెల్వదు గనక. నా అభిప్రాయం సూటిగ చెప్తున్న: వయసు తెల్వకుండ పాత సైకిల్ అమ్ముడు అంటే పహాణీ చూడకుండ భూమి అమ్మినట్టే. ఆ వయసు చూసుకునే విద్య పెద్ద కష్టమైనది కాదు. అది గిర్ర నడుమ ఉన్న హబ్బు మీద రాసి ఉంటది.

హబ్బే ఎందుకు అంటరా? సైకిల్‌కు రంగు మళ్ల ఏసుకోవచ్చు. ముందట హ్యాండిల్ కింద ఉండే కంపెనీ బిళ్ల ఊడిపోతది, లేకుంటే ఇంకో సైకిల్‌ది తెచ్చి పెడుతరు. సీటు, మడ్‌గార్డ్, పెడల్ పదిసార్లు మారి ఉంటయి. హబ్బు మాత్రం గ్రీజు, మట్టి కింద దాగి ఉంటది. దాని పేరు స్టిక్కర్ మీద ఉండదు, ఇనుములోకి దిగేటట్టు గుద్ది ఉంటది. దాన్ని ఎవడూ పట్టించుకోడు, అందుకే అది అబద్ధం ఆడదు. మన దిక్కు భూమి తగాదా వస్తే నోటిమాటలు ఎన్ని ఉన్నా ఆఖరికి 1954-55 ఖాస్రా పహాణీ తీయుమంటరు గదా? సైకిల్ తగాదాల హబ్బు అసొంటిది.

ఇగ చూసే పద్ధతి. హబ్బు మీద మట్టి గట్టిపడి ఉంటే ఇసుక కాగితం, వైర్ బ్రష్, గ్రైండర్ ముట్టియ్యకుండ్రి. అక్షరాలు లోతుగ ఉండయి, గీకితే పోతయి. ఒక పాత గుడ్డ తీసుకొని గ్యాసునూనెల నానబెట్టి హబ్బు చుట్టు ఒక రాత్రి చుట్టి పెట్టుండ్రి. తెల్లారి పాత పళ్ల బ్రష్షుతోని మెల్లగ రుద్దుండ్రి. అక్షరాలు కనబడకుంటే దాని మీద కొంచెం సుద్దపొడి రాసి తుడువుండ్రి, గుంతలల్ల సుద్ద నిలిచి అక్షరం తెల్లగ లేస్తది. సెల్‌ఫోన్ లైటు పైనుంచి కాకుండ పక్కనుంచి కొట్టుండ్రి, అప్పుడు చిన్న గీత కూడా నీడ పడి కనబడ్తది. తర్వాత ఫోటో తీయుండ్రి. పుల్లల నడుమ గిర్రను మెల్లగ తిప్పుకుంట హబ్బు చుట్టూరా చూడుండ్రి, రాత ఒక్క పక్కనే ఉండొచ్చు.

ఆ రాతల మూడు ముచ్చట్లు ఎతుకుండ్రి: కంపెనీ పేరు, దేశం పేరు, ఏమన్న అంకెలు.

అంకెలు ఉన్న హబ్బు దొరికితే అదృష్టం. అన్నిటికంటె సులువుగ చదవొచ్చేది ఇంగ్లండ్ నాటింగ్‌హామ్‌ల తయారైన స్టర్మీ-ఆర్చర్ హబ్బు. అది వెనక గిర్రకు ఉండే గేర్ల హబ్బు. మామూలు హబ్బు కంటె లావు ఉంటది, పక్కనుంచి సన్న గొలుసు ఒకటి బయటికి వస్తది. ఆ కంపెనీ 1902ల మొదలైంది, అప్పట్ల రాలీ సైకిల్ వాళ్లదే ఉండె. వాళ్ల మూడు గేర్ల హబ్బుల పేరుమోసింది ఏడబ్ల్యూ రకం, అది 1936ల వచ్చింది. ఈ హబ్బు డొల్ల మీద కంపెనీ పేరుతోని పాటు తయారైన సంవత్సరం, నెల గుద్ది ఉంటయి. 52, దాని పక్కన 4 అని ఉంటే 1952 ఏప్రిల్ అన్నట్టు. 58, 11 అంటే 1958 నవంబర్. 1930ల ఆఖర్ల వచ్చిన వాటి మీద ఒకటే అంకె ఉంటది. 8 అని ఒక్కటే ఉంటే 1938 అని అర్థం చేసుకోవాలె. మన ఊర్లల్ల ఇసొంటి గేర్ల సైకిల్ తక్కువ, కానీ పాత ఆఫీసర్ల ఇండ్లల్ల, పాత దొరల గడీల సామాన్లల్ల ఉండొచ్చు. తెల్వకుండ దాన్ని తూకానికి ఏస్తే ఆ నష్టం మనకే.

అదే కంపెనీ ముందు గిర్రకు డైనమో హబ్బు కూడా చేసింది. డొల్ల పెద్ద గిన్నె లెక్క ఉంటది, లోపల అయస్కాంతం ఉంటది. అది దొరికితే ఇప్పుడే విప్పకుండ్రి. లోపలి చుట్టల నుంచి అయస్కాంతాన్ని ఉత్తగనే బయటికి గుంజితే దాని బలం తగ్గిపోతది, తర్వాత లైటు మసకగనే వెలుగుతది. తెలిసినోడు విప్పాలె, లేకుంటే అట్లనే ఉంచాలె.

వేరే దేశాలల్ల కూడా ఇదే పద్ధతి ఉన్నది. ఇటలీ క్యాంపగ్నోలో కంపెనీ రేసు సైకిళ్ల హబ్బులకు ఇరుసు మీది లాక్‌నట్ మీద రెండు అంకెల సంవత్సరం గుద్దేది. జపాన్ షిమానో వాళ్లు రెండు అక్షరాలు గుద్దిన్రు. మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. ఇంగ్లీషు మొదటి అక్షరం ఏ అంటే 1976, బీ అంటే 1977. నెలకు ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబర్. ఇవి మన కొట్టాలల్ల దొరకయి. అయినా ఎందుకు చెప్తున్న అంటే, ప్రపంచంల ఎక్కడోళ్లు అయినా సైకిల్ కాలం తేల్చాలంటే ముందుగాల హబ్బు దిక్కే చూస్తరు. ఇది మన పిచ్చి కాదు.

అంకెలు లేకుంటే దేశం పేరు చూడుండ్రి. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటే ఆ హబ్బు అక్కడ తయారైంది. "మేడ్ ఇన్ జర్మనీ" అని రాసుడు 1887ల ఇంగ్లండ్‌ల వచ్చిన చట్టంతోని మొదలైన పద్ధతి, బయటి దేశం సరుకును జనం గుర్తుపట్టాలని పెట్టిన్రు. జర్మనీ రెండు ముక్కలైంది 1949ల, కలిసింది 1990ల. అందుకని "వెస్ట్ జర్మనీ" అని ఉన్న ఏ సామాను అయినా ఆ నడుమ కాలందే. "మేడ్ ఇన్ ఇండియా" ఉంటే సంగతి తేటతెల్లం. ఐఎస్ఐ ముద్ర ఉంటే ఇంకో ఆధారం దొరికినట్టు. సరుకు మీద ఆ ముద్ర ఏసే పద్ధతి 1950ల నడుమల వచ్చింది, కాబట్టి ఆ ముద్ర ఉన్న హబ్బును "తెల్లదొరల కాలంది" అని ఎవడన్నా చెప్తే నవ్వి ఊకోవాలె.

తర్వాత లోహం మెరుపు చూడాలె. 1930 కంటె ముందటి హబ్బుల మీద నికెల్ పూత ఉండేది. క్రోమ్ పూత 1920ల ఆఖర్ల వచ్చి, ఆ తర్వాత అన్నిటికీ పాకింది. నికెల్ మెరుపు కొంచెం పసుపు దిక్కు ఉంటది, పాత వెండి గ్లాసు లెక్క. క్రోమ్ మెరుపు నీలం దిక్కు ఉంటది, కొత్త స్టీలు లెక్క. రెండిటిని పక్కపక్కన పెట్టి ఎండల చూస్తే తేడా తెలుస్తది. రెండో ప్రపంచ యుద్ధంల ఇంగ్లండ్‌ల ఈ లోహాలకు కరువు వచ్చింది. అప్పటి సైకిళ్లకు మెరిసే పూతకు బదులు నల్ల రంగు ఏసి పంపిన్రు. కాబట్టి ఇంగ్లండ్ హబ్బు నల్లగ ఉన్నదంటే తుప్పు అని తీసిపారేయకుండ్రి, యుద్ధం నాటిది కూడా కావొచ్చు. కాకపోతే ఈ ఒక్క ఆధారం మీద నిర్ణయం చేయొద్దు, పూత మళ్ల ఏయించుకున్నోళ్లు కూడా ఉంటరు.

ఇగ ఏది చూసి మోసపోవద్దో చెప్త. హబ్బు నడుమ నూనె పోసే రంధ్రం, దాని మీద చిన్న స్ప్రింగ్ మూత ఉంటే పాతకాలంది అంటరు. తప్పు. మన దేశపు మోటు సైకిళ్లకు అది చానా ఏండ్ల దాకా వచ్చింది. ముందు గిర్రకు 32 పుల్లలు, వెనక గిర్రకు 40 పుల్లలు ఉంటే ఇంగ్లండ్ సైకిల్ అంటరు. అదీ తప్పే. ఇంగ్లండ్ లెక్క అదే, కానీ మన ఫ్యాక్టరీలు ఆ లెక్కనే తీసుకున్నయి. వెనక బస్తాల బరువు పడ్తది గనక అటు ఎక్కువ పుల్లలు. తుప్పు చూసి వయసు చెప్పేటోడు అయితే అందరికంటె పెద్ద అబద్ధాలోడు. రెండు వానాకాలాలు కల్లంల పడేస్తే కొత్త సైకిల్ కూడా తాత లెక్క అయితది. పొడి అటక మీద డెబ్బై ఏండ్ల సైకిల్ కూడా నిగనిగలాడొచ్చు.

అన్నిటికంటె ఎక్కువ మోసం పేర్ల కాడ జరుగుతది. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861ల తుపాకులు చేయడానికి పెట్టిన కంపెనీ, అందుకే మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు. హెర్క్యులస్, ఫిలిప్స్ కూడా బర్మింగ్‌హామ్ దిక్కు పేర్లే. రాలీది నాటింగ్‌హామ్, కొంగ తలకాయ గుర్తు. అయితే ఈ పేర్లు ఇంగ్లండ్ల ఆగలేదు. 1949ల మద్రాసు మురుగప్ప కుటుంబం ఇంగ్లండ్ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌తోని కలిసి టీఐ సైకిల్స్ పెట్టింది. అంబత్తూరు ఫ్యాక్టరీ నుంచే మనకు హెర్క్యులస్, ఫిలిప్స్, బీఎస్ఏ వచ్చినయి. రాలీ పేరు మీద బెంగాల్ ఆసన్‌సోల్‌ల సెన్-రాలీ ఫ్యాక్టరీ నడిచింది. అంటే బీఎస్ఏ అని ఉన్నంత మాత్రాన తెల్లోళ్లది కాదు. పేరు ఒక్కటే, పుట్టిన ఊరు రెండు. ఆ తేడా మళ్ల హబ్బు మీది దేశం పేరే చెప్తది.

అట్లాస్ 1951ల హర్యానా సోనీపత్‌ల మొదలైంది. హీరో 1956ల లూధియానాల మొదలైంది. కాబట్టి హీరో సైకిల్ ఎంత పాతగ కనబడ్డా 1956 కంటె ముందటిది అయ్యే ముచ్చటే లేదు. ఇది తెలిస్తే సగం బేరాలల్ల మోసం అక్కడనే ఆగిపోతది. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న బంద్ అయింది. అది ప్రపంచ సైకిల్ దినం. చూడుండ్రి ఎసొంటి రోజు దొరికిందో.

ఇగ మన ప్రాంతం సంగతి కలిపి చూద్దాం. వయసు తేల్చాలంటే హబ్బుతోని పాటు ఊరి చరిత్ర కూడా తెలిసి ఉండాలె. కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు లైను పూర్తిగ కలిసింది 1929ల. సింగరేణి కంపెనీ ఇల్లెందుల 1889 నుంచి బొగ్గు తీసినా, మన గోదావరిఖని బాయిలు వచ్చింది 1960ల కాలంల. అంతకుముందు ఇది అడవి, చెరువు, చేను. ఆ రోజులల్ల సైకిల్ ఎవరికి ఉంటది? పటేలుకు, పట్వారికి, రైల్వే నౌకరుకు, ఫారెస్టోళ్లకు. రైతు ఎడ్లబండి మీద, లేకుంటే కాళ్ల మీద. బాయిలు తెరిచిన తర్వాత నెల జీతం అనేది మన ఊర్లకు వచ్చింది. ఫస్ట్ షిఫ్ట్‌కు చీకట్ల లేచి పోవాలంటే సైకిల్ కావాలె. షిఫ్ట్ మారే టైముల బాయి రోడ్డు మీద సైకిళ్ల బారు ఎట్ల ఉండేదో మా వయసోళ్లకు ఎరికే. రైతులకు కూడా అప్పుడే సైకిల్ వచ్చింది. ఖనిల అంగడి పెరిగింది గనక కూరగాయల గంప, పాల క్యాన్లు వెనక కట్టుకొని పోయినం. పెండ్లిల కట్నం అంటే సైకిలు, చేతిగడియారం, రేడియో.

దీన్ని బట్టి లెక్క చెప్త. మన బెల్టుల దొరికే పాత సైకిళ్లల్ల చానా మటుకు 1960ల తర్వాతవే, మన దేశంల తయారైనవే ఉంటయి. 1950 ముందటి ఇంగ్లండ్ సైకిల్ ఉండదని అంటలేను. ఉంటే అది ఏ ఇంటికి, ఎవరి నౌకరీ మీద వచ్చిందో ఒక కథ ఉండాలె. కథ లేకుండ ఒక్క బిళ్ల చూపెట్టి వంద ఏండ్లు అంటే నమ్మొద్దు.

కథకు సాక్ష్యం కాగితాలల్ల దొరుకుతది. సైకిల్ కొన్న రశీదు పాత పెట్టెల ఉండొచ్చు. నిజాం కాలం కాగితం అయితే ఉర్దూల ఉంటది, సంవత్సరం ఫస్లీల ఉంటది. ఫస్లీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తది. 1357 ఫస్లీ అంటే 1947-48. భూమి కాగితాలు చూసిన రైతుకు ఈ లెక్క కొత్త కాదు. పంచాయతీ, మున్సిపాలిటీ ఏటా ఇచ్చిన సైకిల్ పన్ను బిళ్లలు ఉంటే వాటి మీద కూడా సంవత్సరం ఉంటది. మడ్‌గార్డ్ మీద దుకాణం పేరు రాసి ఉంటే అడ్రస్ చదువుండ్రి. ఆంధ్రప్రదేశ్ అని ఉంటే 1956 నవంబర్ తర్వాతది. పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతది, పిన్‌కోడ్ పద్ధతే అప్పుడు వచ్చింది. ఏమీ లేకుంటే ఇంట్ల ముసలవ్వను అడుగుండ్రి. "సైకిల్ ఏ సంవత్సరంల వచ్చింది" అని అడిగితే చెప్పలేదు. "పెద్దోడు పుట్టకముందా, పుట్టినంకనా?" అని అడిగితే టక్కున చెప్తది.

ఇంత చెప్పినంక ఒక ముఖ్యమైన జాగ్రత్త. హబ్బు వయసు హబ్బుదే. సైకిల్ మొత్తానిది కాదు. పహాణీల ఆ సంవత్సరం కాస్తు ఎవరిదో ఉంటది, ఈనాడు భూమి ఎవరిదో అదొక్కటే చెప్పదు గదా, ఇదీ అట్లనే. బస్తాల బరువుకు వెనక హబ్బు అరిగిపోతది, కోన్లు పోతయి, డొల్ల పగుల్తది, కొత్తది ఏయిస్తరు. ముందు హబ్బు మీద అంత బరువు పడదు, అందుకే చానాసార్లు అసలుది ముందు గిర్రకే మిగుల్తది. రెండు హబ్బులు చూడుండ్రి. రెండూ ఒకటే కంపెనీవి, ఒకటే దేశంవి అయితే ధైర్యం చెప్పొచ్చు. తర్వాత పెడల్ కాడ ఉండే పెద్ద పళ్లచక్రం చూడుండ్రి. బీఎస్ఏకు ఆ పేరు అక్షరాలే పళ్లచక్రంల కోసి ఉంటయి, రాలీకి కొంగలు ఉంటయి. సీటు కింద, ఫ్రేము మీద నంబర్ గుద్ది ఉంటే రాసుకోండ్రి. ముందు హబ్బు, వెనక హబ్బు, పళ్లచక్రం, ఇంటి కథ, ఈ నాలుగు ఒక్క మాట చెప్తే అప్పుడు నమ్ముండ్రి. ముగ్గురు ఒక మాట, ఒక్కరు వేరే మాట అంటే ఆ ఒక్కటి తర్వాత ఏసిన ముక్క అన్నట్టు.

ఇక్కడ కొందరు అడుగుతరు. "ఎరువుల అప్పే తీరలేదు, ఈ తుప్పు ముచ్చట మాకెందుకు అన్నా? ఆరు వందలు వచ్చినా ఒక పూట గడుస్తది." ఆ మాటల న్యాయం ఉన్నది. అవసరం ఉన్నోడు అమ్ముకుంటడు, అమ్మొద్దని చెప్పే హక్కు నాకు లేదు. నేను చెప్పేది, తెలిసి అమ్ముకో అని. పంట అమ్మేటప్పుడు తేమ ఎంత, తూకం ఎంత అని కొట్లాడుతం గదా. ఇక్కడ మాత్రం కొనేటోడు చెప్పిన మాటే వేదం ఎట్లయితది? హైదరాబాద్‌ల హోటళ్లల్ల, పెద్ద ఇండ్లల్ల అలంకారానికి పెట్టేటోళ్లకు పాత సైకిల్ కావాలె. వాళ్ల కోసం ఊర్లు తిరిగేటోడు హబ్బు చూసే కొంటడు. మీ ముందట చూడడు, సీటు దులిపినట్టు చేసుకుంట వంగి ఓరకంట చూస్తడు. వానికి తెలిసింది మీకు కూడా తెలిస్తే బేరం బరాబర్ నడుస్తది.

ఇంకొకరు అంటరు, "అయితే హబ్బు ఒక్కటి విప్పి అమ్ముకుంట, మిగిలింది ఇనుముకు ఏస్త." అది మాత్రం వద్దనే చెప్త. హబ్బు విప్పినంక మిగిలిన సైకిల్‌కు సాక్ష్యం పోయినట్టే. హబ్బుకు కూడా అది ఏ ఊరిదో, ఎవరు తొక్కిందో చెప్పే కథ పోతది. ముక్కలు చేసి అమ్మితే ఒక్కో ముక్క మీద లాభం కొనేటోనికే. అమ్మితే మొత్తం అమ్ముండ్రి, ఉంచితే మొత్తం ఉంచుండ్రి.

ఆఖరుగ అసలు నాకు బాధ ఎక్కడ ఉన్నదో చెప్త. మన బెల్టుల ఓపెన్ కాస్టులు వస్తున్నయి, ఊర్లు లేస్తున్నయి. ఊరు లేచేటప్పుడు ఇల్లు కొలుస్తరు, బావి రాస్తరు, చెట్లు లెక్కపెడ్తరు. మన చేతిల నలభై ఏండ్లు ఆడిన సామాను ఎవరూ రాయరు, అది నష్టపరిహారంల రాదు. కొత్త కాలనీల స్థలం సరిపోదని పాత నాగలి, ఎడ్లబండి ఇరుసు, సైకిల్ అన్నీ ఒక్క వారంల తూకానికి పోతయి. పాత సామాను కొనేటోళ్లకు ఆ వారం ఎప్పుడు వస్తదో మనకంటె ముందే తెలుస్తది. అట్ల పోయిన సైకిల్‌తోని బాయి షిఫ్టుకు పోయిన మనిషి గుర్తు పోతది, ఖని అంగడికి కూరగాయలు మోసిన అవ్వ గుర్తు పోతది. రేపు పిల్లలకు చెప్పాలంటే చూపెట్టేందుకు ఒక్క వస్తువు ఉండదు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ఖాళీ చేసే ఊరైనా, చేయని ఊరైనా, ఒక ఆదివారం బడి ముందటికి అందరూ పాత సైకిళ్లు తేవాలె. బడి పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకొని ప్రతి సైకిల్‌కు ఒక పేజీ రాయాలె. ముందు హబ్బు మీద ఏమున్నది, వెనక హబ్బు మీద ఏమున్నది, ఫ్రేము నంబర్ ఏంది, ఎవరు కొన్నరు, దేనికి వాడిన్రు. పక్కన రెండు ఫోటోలు. దీనికి సర్కారు పైసలు అక్కర్లేదు, గ్యాసునూనె, పాత గుడ్డ, సుద్దముక్క ఉంటే చాలు. తర్వాత అమ్ముకునేటోడు అమ్ముకుంటడు, ఉంచుకునేటోడు ఉంచుకుంటడు. రాసిన పేజీ మాత్రం ఊరి దగ్గర ఉంటది. అన్నిట్ల ఒక్క సైకిల్ అన్నా మొత్తంగ, రంగు ఏయకుండ, మెరుగు పెట్టకుండ, గ్రామపంచాయతీల నిలబెడితే ఇంకా మంచిది. వంద ఏండ్లది అయితేనే గొప్ప అనుకోవద్దు. 1968 నాటి మన దేశం అట్లాస్ అయినా సరే, మన ఊరి మట్టి తొక్కిన సైకిల్ అది. ఇంగ్లండ్ నుంచి వచ్చి గడీల పండుకున్న సైకిల్ కంటె నాకు అదే పెద్దది.

ఈ వారంల కల్లం పనులు తక్కువ ఉన్నోళ్లు ఒక్కసారి కొట్టంలకు పోయి చూడుండ్రి. ముందు గిర్ర హబ్బు తుడిచి ఏం రాసి ఉన్నదో ఫోటో తీసి పెట్టుండ్రి. అంకెలు అర్థం కాకుంటే అందరం కలిసి తేలుద్దాం. అది తేలేదాకా ఆటోలోడు ఎంత బతిమాలినా, "రేపు రా తమ్మీ" అని చెప్పుండ్రి.